వెనక ఇల్లు లేని తలుపు

నేను ఒక తలుపును. ఇంత చిన్న మాట ధైర్యంగా చెప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ ముప్పై ఏళ్ళూ నన్ను తెరిచినవాళ్ళు లేరు, మూసినవాళ్ళు లేరు. నా మీద భోంచేశారు, రొట్టెల పిండి పిసికారు, బట్టలు ఇస్త్రీ చేశారు, చుట్టాలొస్తే పక్క పరిచారు. ఒక చలికాలం కప్పు కారితే నన్నే ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు. నా నడుము పక్కన తాళంచెవి పట్టే కన్నం ఒకటి ఉంది. బల్లకు తాళంకన్నం ఎందుకని నా మీద భోంచేసినవాళ్ళు ఒక్కరూ అడగలేదు. ఉప్పు అందులోంచి కిందికి కారిపోతోందని విసుక్కునేవాళ్ళు, అంతే.

మాది ఆర్మీనియా దేశం, గ్యూమ్రి పట్నానికి దగ్గర్లో ఒక ఊరు. మరి నీకు తెలుగు ఎలా వచ్చిందని అడుగుతారు. చెబుతాను. తలుపును కదా, వేళ చూసి తెరుచుకుంటాను.

నన్ను చేసినవాడు మిహ్రాన్. పట్నంలో నాటకశాల వడ్రంగి. కోటల తలుపులు, చెరసాలల తలుపులు, జమీందారుల మేడల తలుపులు, ఇలా ఎన్ని చేశాడో ఆయనకే లెక్క తెలీదు. ఒక్కదాని వెనక కూడా ఇల్లు లేదు. రాజుగారు మహా కోపంగా తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోతే, అవతల ఆయనకు ఎదురయ్యేవి ఒక బకెట్టూ చీపురూ. మిహ్రాన్ భార్య షుషానిక్‌కు ఇది పెద్ద వేళాకోళం. "ఊరందరికీ తలుపులు చేస్తావు, మనకు మాత్రం అద్దె గది" అనేది. "చేస్తాలే, వెనక ఇల్లున్న తలుపు ఒక్కటైనా చేస్తా" అనేవాడు ఆయన.

ఎనభై ఎనిమిది డిసెంబరులో భూమి కంపించింది. పట్నం కూలింది, నాటకశాల కూలింది, అద్దె గదీ కూలింది. లెక్కలేనంతమంది పోయారు. ఆ రోజు గురించి నేను హాస్యమాడను. బతికినవాళ్ళకు ఉండడానికి పట్నం బయట మా ఊళ్ళో ఇనుప డబ్బాలు ఇచ్చారు, రైలు మీద సామాను తోలే డబ్బాల్లాంటివి. తాత్కాలికం అన్నారు. మనుషులు తాత్కాలికం అంటే నాకు ఇప్పటికీ భయమే, అంత గట్టి వస్తువు ఇంకోటి చూడలేదు.

మిహ్రాన్ శిథిలాల్లోంచి రంగస్థలం పలకలు ఏరుకొచ్చాడు. మంచి ఓక్ చెక్క. డబ్బా ముందు కూర్చుని, చిత్రిక పట్టి, నన్ను చేశాడు. అప్పటికి స్థలం లేదు, పునాది లేదు. పక్క డబ్బాలో ఉండే స్నేహితుడు సెరోబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మీరనుకోరూ, అలాంటి మాటే ఏదో అన్నాడు. మిహ్రాన్ నొచ్చుకోలేదు.

"నాకు తెలిసిన పని తలుపు. తెలిసిన చోట మొదలెడితే తప్పేముందిరా?"

"సరే, ఇంత వెడల్పేంటి? ఏనుగును తోలతావా?"

"నిన్ను తోలతాను. నువ్వు డోలు మెళ్ళో వేసుకుని, పక్కకు తిరక్కుండా, తిన్నగా వాయించుకుంటూ మా ఇంట్లోకి రావాలి. నీ డోలు కొలిచే చేశాను."

సెరోబ్ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెళ్ళి డోలు వాయించేవాడు. ఆ డోలు సామాన్యమైంది కాదు. దానికి తగ్గట్టు నేను మామూలు తలుపులు రెండు కలిపినంత వెడల్పు తేలాను. ఈ వెడల్పే నాకు శాపమైంది. ఇంత పెద్ద చెక్క ఖాళీగా గోడకు ఆని ఉంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? రెండు పీపాల మీద పడుకోబెట్టి గుడ్డ పరిచారు.

మిహ్రాన్ ఇల్లు చూడకుండానే పోయాడు. కొడుకు గార్నిక్ ఆ డబ్బాలోనే పుట్టి, ఆ డబ్బాలోనే మీసాలు తెచ్చుకుని, ఆ డబ్బాలోకే మారో అనే పిల్లను పెళ్ళి చేసుకుని తెచ్చాడు. పెళ్ళినాడు సెరోబ్ డోలు డబ్బా వాకిట్లో పట్టలేదు. పాపం, మంచులో బయటే నిలబడి వేళ్ళు కొంకర్లు పోయేదాకా వాయించాడు. అక్కడి ఆచారం ప్రకారం కొత్త కోడలు గడప దగ్గర పళ్ళెం పగలగొట్టి లోపలికి రావాలి. ఇనుప నేల మీద ఆ పళ్ళెం పగల్లేదు, ఎగిరి అత్తగారి మోకాలికి తగిలింది. ఆ రోజే షుషానిక్ ఒట్టు పెట్టుకుంది, మిహ్రాన్ తలుపులోంచి తప్ప ఏ ఇంట్లోకీ కాపురానికి అడుగుపెట్టనని. తర్వాత ఒకసారి ఎవరో పట్నంలో ఫ్లాటు ఇప్పిస్తామంటే వెళ్ళింది. వాకిలి కొలిచి తిరిగొచ్చేసింది.

ఇలా ఉండగా, సొంత ఇల్లు లేని బీద కుటుంబాలకు ఇల్లు కట్టుకోవడంలో చెయ్యి వేసే సంస్థ ఒకటి మా ఊరు వచ్చింది. ఇంటివాళ్ళూ పని చెయ్యాలి, వాలంటీర్లూ చేస్తారు. ఆ వచ్చినవాళ్ళను చూసి నాకు గుండె జారింది. బెల్జియం నుంచి ఒక పళ్ళ డాక్టరు, జపాను నుంచి పియానో నేర్పే ఆవిడ, ఇంకా కొందరు కాలేజీ పిల్లలు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు కదా, వీళ్ళు ఈ రెంటిలో ఏదీ చూసినవాళ్ళు కాదు. పళ్ళ డాక్టరు ఇటుక మీద సిమెంటు పూసి, రెండు గంటలు ఏమీ నమలొద్దన్నట్టు దానికేసి హెచ్చరికగా చూసేవాడు.

వాళ్ళలో సత్యవేణి ఒకతె. బొబ్బిలి అమ్మాయి, మా రాజధాని యెరెవాన్‌లో డాక్టరు చదువుతోంది. సెలవులకు ఇటుకలు మొయ్యడానికి వచ్చింది. ఆమెకు వచ్చిన మా భాషంతా ఆస్పత్రిలో నేర్చుకున్నదే. పునాదిలో పగులు కనిపిస్తే "ఎప్పట్నుంచి నొప్పి?" అని అడిగేది. ఇసుక లారీ ఖాళీగా వస్తే "ఉదయం నుంచీ ఏమీ తినలేదా?" అనేది. మా ఊరివాళ్ళకు ఈ పలకరింపు బాగా నచ్చింది. లారీ డ్రైవరు కూడా తన నడుంనొప్పి చెప్పుకున్నాడు.

పునాది పూర్తయిన రోజు షుషానిక్ అందరికీ ఆరుబయట విందు పెట్టింది. లవాష్ రొట్టెలు, జున్ను, కాల్చిన మాంసం, మల్బరీ సారా. మా దగ్గర గ్లాసెత్తిన ప్రతిసారీ ఒక ప్రసంగం ఉంటుంది. సంస్థ తరఫు మేస్త్రీ హ్రాంత్ పునాది ఆరోగ్యం కోరి ఒక గ్లాసు, ఇసుక ఆరోగ్యం కోరి ఒక గ్లాసు తాగి, ఉప్పు కోసం చెయ్యి చాచి ఆగిపోయాడు.

"బల్లకు తాళంకన్నమేంటి?"

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక మనిషి అడిగాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అది బల్ల కాదు, మా తలుపు. మీరు కట్టే ఇంటికి బిగించేది" అంది షుషానిక్.

హ్రాంత్ టేపు తీసి కొలిచాడు. మొహం వేలాడేశాడు. "మా ప్లానులో వాకిలి ఇంత ఉండదమ్మా. సగం కోసేద్దాం."

షుషానిక్ గిన్నెల మధ్యలోంచి కాలు పెట్టి నా మీదికెక్కి బాసింపట్టు వేసుకు కూర్చుంది. "ముందు నన్ను కొయ్యి" అంది. మారో అత్తగారి చుట్టూ ఉన్న కూరగిన్నెలు జాగ్రత్తగా జరిపింది. విందు ఆగలేదు. ఆమె నా మీద కూర్చునే ఉంది, అందరూ ఆమె చుట్టూ చేతులు చాచి రొట్టెలందుకుంటున్నారు.

అప్పుడు సత్యవేణి లేచింది. వాళ్ళ వైపు ముందు ద్వారబంధం నిలబెట్టి పూజ చేస్తారని, గోడలు తర్వాత దాన్నిబట్టి లేస్తాయని చెప్పాలనుకుంది. ఆస్పత్రి భాషలో అది ఇలా వచ్చింది: "మా ఊళ్ళో ముందు నోరు పెడతాం. ఎముకలు తర్వాత."

అందరూ ఆమె నోటికేసి చూశారు. పళ్ళ డాక్టరు మాత్రం న్యాయమే అన్నట్టు తలూపాడు. చేతులు తిప్పి, బొమ్మ గీసి చూపించాక హ్రాంత్‌కు అర్థమైంది. కాసేపు గొణుక్కుని, నోటి ఆరోగ్యం కోరి ఇంకో గ్లాసు తాగి ఒప్పుకున్నాడు.

అలా నాకు ద్వారబంధం తయారైంది, దాన్ని పునాది మీద నిలబెట్టారు. సత్యవేణి వంటసామానులోంచి పసుపు తెచ్చి గడపకు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ దొరక్క పుచ్చకాయ కొట్టింది. మారో పళ్ళెం తెచ్చి గడప మీద పగలగొట్టింది. పెళ్ళినాటి బాకీ గుర్తొచ్చిందేమో, లోపలికెళ్ళి ఇంకో రెండు తెచ్చి అవీ పగలగొట్టింది. పసుపు రాస్తున్నంతసేపూ సత్యవేణి నాతో తన భాషలో మాట్లాడింది. "ఏటమ్మా తలుపూ, ఇన్నేళ్ళూ బోర్లా పడుకోబెట్టేసినారా నిన్ను? ఇదుగో, నిలబడిపోనావు, ఇంక నీకు తిరుగు లేదు." ఆ తర్వాత కూడా పనిలో అలిసినప్పుడల్లా నాకు చేరగిలబడి ఇంటి కబుర్లు చెప్పేది. నా తెలుగు ఆమె పెట్టిన భిక్షే.

ఎండకు పడుకోబెడితే వంకర పోతానని నన్ను వెంటనే బందులకు తగిలించారు. ద్వారబంధానికి నాలుగు వైపులా ఊతకర్రలు పెట్టారు. ఇక చూడండి నా వైభోగం. ముందు పొలం, వెనక పొలం, మధ్యలో నేను. షుషానిక్ ఆ సాయంత్రం నాకు తాళం వేసి, తాళంచెవి మెళ్ళో కట్టుకుని వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే వాలంటీర్లు ఇటుకలు మోసుకుంటూ వచ్చేసరికి ఆమె లోపల నిలబడి ఉంది. లోపల అంటే నాకు అవతల.

"తట్టండి" అంది.

వాళ్ళు మొహాలు చూసుకుని తట్టారు. "ఎవరూ?" అంది. చెప్పారు. తాళం తీసి, "రండి రండి, కాళ్ళు తుడుచుకోండి" అంది. మట్టిలోంచి మట్టిలోకి కాళ్ళు తుడుచుకుని వచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకుండా పనికి పంపడం మా దగ్గర మర్యాద కాదు. కాఫీ తాగాక కప్పు బోర్లించి, గసిలో జాతకం చూడాలి. అందరి జాతకంలోనూ ఇల్లు కనిపించేది. ఇటుక మీద ఇటుక మాత్రం పడేది కాదు. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైంది. జపాను ఆవిడైతే గడప అవతలే బూట్లు విడిచి సాక్సుల్తో సిమెంటు కలిపేది. హ్రాంత్ రోజంతా తిట్టుకునేవాడు, కానీ తట్టడం మానలేదు.

గార్నిక్ ఒకరోజు తల్లిని బతిమాలాడు. "అమ్మా, చుట్టూ తిరిగి వస్తే ఏమైంది?"

"అలవాటు పడాలిరా. మనకు ఇల్లు కొత్త."

సెరోబ్ మాత్రం చుట్టూ తిరిగే వచ్చాడు. ఒక మధ్యాహ్నం చేతులు వెనక్కి కట్టుకుని, నన్ను తప్పుకుని, లోపలికి నడిచొచ్చి, "ఏం వదినా, పని ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు.

"గోడలోంచి దూరొచ్చావేం? దొంగవా?"

"గోడ ఎక్కడుంది వదినా?"

"నీకు కనపడకపోతే నా తప్పా? బయటికెళ్ళి తట్టి రా."

అందరూ నవ్వారు. ఆ నవ్వే ముసలాయనకు తగిలింది. "బాగుంది" అన్నాడు. "మిహ్రాన్ చివరికి ఇంకో నాటకాల తలుపే చేశాడన్నమాట. దీని వెనకా ఇల్లు లేదు."

షుషానిక్ మొహం పాలిపోయింది. అనకూడని మాట అన్నానని సెరోబ్‌కూ తెలిసింది. కానీ వచ్చిన దారిన చుట్టూ తిరిగే వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ రోజు ఆమె తాళం వెయ్యలేదు. గడప మీద కూర్చుని నాకు తల ఆనించి, "నిజంగా అంతేనా?" అని అడిగింది. నన్నో, మిహ్రాన్‌నో తెలీదు. జవాబు చెప్పాలని నాకు ఎంతో ఉంది. గాలికి కాస్త కిర్రుమన్నాను.

వేసవి పోయింది. సత్యవేణికి కాలేజీ తెరిచారు, వారానికోసారి వచ్చిపోయేది. గోడలు మోకాలి ఎత్తు లేచాయి. మంచు పడిందంటే సిమెంటు పని సాగదు, వాలంటీర్లు వెళ్ళిపోతారు, ఇంకో చలికాలం డబ్బాలోనే. అప్పుడు సంస్థ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. పొట్టి జుట్టు, పొడుగు కోటు. ఎన్నో వారాల పనికి ఒక తలుపూ, మోకాలెత్తు గోడా, కడిగిన కాఫీ కప్పులూ చూసింది. పనివాళ్ళను వేరే ఊరికి మార్చడానికే వచ్చానని హ్రాంత్‌తో చెప్పింది. గోడ దాటబోయి, వాళ్ళందరి మొహాలు చూసి ఆగి, ఏమనుకుందో ఏమో, వచ్చి నన్ను తట్టింది.

"ఎవరూ?" అంది అవతల్నుంచి షుషానిక్. నా పక్కకు ఒక్క అడుగు జరిగితే చాలు, ఇద్దరూ ఒకరికొకరు తల నుంచి మోకాలి దాకా కనిపిస్తారు.

"ఆఫీసు నుంచమ్మా. ఇంటివాళ్ళతో మాట్లాడాలి."

"ఇంట్లో ఎవరూ లేరు."

"మీరున్నారు కదా?"

"నేనుంటే సరా? ఉండడానికి ఇల్లేదీ?" "ముప్పై ఏళ్ళ నుంచీ ఇంట్లో ఎవరూ లేరమ్మా. ఇల్లు కట్టించాక రా, ఉంటాం."

ఆఫీసరమ్మ చెయ్యి ఇంకా నా మీదే ఉంది. ఆమె కూడా అలాంటి ఇనుప డబ్బాలో పెరిగిందట, రేకు మీద కొడితే ఊరంతా మోగేదట. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు, తర్వాత కాఫీ తాగుతూ చెప్పింది. అప్పుడు మాత్రం చాలా ఆఫీసు గొంతుతో బేరం పెట్టింది.

"పనివాళ్ళను మార్చను. ఇంకో జట్టును కూడా పంపుతాను. కానీ ఇటుకలు ఎటునుంచైనా లోపలికి రావాలి."

షుషానిక్ ఆలోచించింది. "ఇటుకలు రావచ్చు. మనుషులు మాత్రం తలుపులోంచే."

"కాఫీ పని అయ్యాక."

ఈ షరతు ఆమెకు గునపం దిగినట్టే ఉంది. అయినా తాళం తీసింది. ఆ రోజు నుంచి ఇటుకలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చిపడ్డాయి. గోడలు లేచి నా భుజాలు పట్టుకున్నాయి. ఊతకర్రలు తీసేశారు, నేను పడలేదు. కప్పు రేకులకు చివరి మేకు కొట్టిన మర్నాడే మంచు పడింది. నా వెనక ఇల్లుంది. నమ్మలేక ఆ రోజంతా నన్ను నేను తెరుచుకుని మూసుకుంటూ ఉన్నాను. గాలి అనుకున్నారు.

గృహప్రవేశం రోజున డబ్బా మొత్తం ఖాళీ చేశారు. వాలంటీర్లు, ఆఫీసరమ్మ, ఊళ్ళో సగం మంది వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ తట్టారు. సత్యవేణి మళ్ళీ పసుపు రాసింది. వంటలు దిగాయి. అప్పుడు మారో పెద్ద పళ్ళెంతో గది మధ్యకొచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అలాగే నిలబడిపోయింది.

బల్ల లేదు. ఉన్న ఒక్క బల్లా తలుపైపోయింది. నెలల తరబడి ఒళ్ళో పెట్టుకు తిన్నారు, ఇంతమంది ఇన్ని కొలతలు తీశారు, ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. కింద కూర్చుని తినొచ్చు కదా అని సత్యవేణి అంది. మా వాళ్ళకు అది విందు కింద లెక్కకు రాదు. బల్ల లేకుండా గ్లాసెత్తితే ఆశీర్వాదం తగలదని హ్రాంత్ అన్నాడు. పళ్ళెం బరువుకు మారో చేతులు లాగేస్తున్నాయి. అందరూ నావైపు చూడకుండా ఉండడానికి శతవిధాల ప్రయత్నిస్తున్నారు.

షుషానిక్ మాత్రం తిన్నగా చూసింది. దగ్గరకొచ్చి నన్ను తడిమింది. నాకు ఒళ్ళు మండింది, దాచుకోను. ముప్పై ఏళ్ళు వేచి, వెనక ఇల్లున్న తలుపుగా ఒక్క రోజు నిలబడ్డానో లేదో, మళ్ళీ ఉప్పు కారడానికా?

"గార్నిక్, దించరా" అంది.

"అమ్మా, నాన్న చేసిన..."

"మీ నాన్న వాకిలి వెడల్పుగా ఉండాలన్నాడు. మూసి ఉండాలనలేదు. వచ్చినవాళ్ళను ఆకలితో నిలబెడితే ఇక ఇల్లెందుకురా? దించు."

బందులు ఊడదీశారు. పీపాలు వచ్చాయి. నా మీద గుడ్డ, గుడ్డ మీద రొట్టెలు, జున్ను, మాంసం. వాకిట్లోంచి చలిగాలి హోరున లోపలికొచ్చింది. అందరూ కోట్లు వేసుకుని కూర్చున్నారు. గ్లాసులు ఎత్తారు.

అప్పుడు బయట డోలు మోగింది. మంచులో సెరోబ్. పిలవలేదు ఆయన్ని. పిలవడానికి షుషానిక్‌కు పౌరుషం, రావడానికి ఆయనకు పౌరుషం. డోలు మెళ్ళో వేసుకుని, పక్కకు తిరక్కుండా, తిన్నగా వాయించుకుంటూ వాకిట్లోంచి నడిచొచ్చాడు. అటో వేలు, ఇటో వేలు ఖాళీ ఉంది. మిహ్రాన్ కొలత తప్పలేదు.

గది మధ్యకొచ్చాక ఆయనకు గుర్తొచ్చింది. డోలు ఆపి, వెనక్కి తిరిగి వాకిలి చూశాడు. తట్టడానికి తలుపు లేదు. కాసేపు బిత్తరపోయి, బల్ల దగ్గరికొచ్చి, జున్ను పళ్ళెం కొంచెం పక్కకు జరిపి, గుడ్డ తొలగించి, నన్ను మూడుసార్లు తట్టాడు. తట్టి, గబగబా బయటికి పోయి మంచులో నిలబడ్డాడు.

షుషానిక్ చేతిలో గ్లాసు కింద పెట్టింది. నా మీదికి వంగి, కళ్ళ నీళ్ళు తాళంకన్నంలోంచి కిందికి కారుతుండగా అడిగింది.

"ఎవరూ?"

"నేను వదినా, సెరోబ్‌ను. మిహ్రాన్ ఇల్లు ఇదేనా?"

"ఇదే" అంది. "రా. అందరం ఇంట్లోనే ఉన్నాం."